దగ్గే బోటుకు కొత్త క్యామ్‌షాఫ్ట్

ఇంజన్లకు బోరు కొట్టించడం నా వృత్తి. మనుషులకు బోరు కొట్టించడం నా అలవాటు. రెండో వాక్యం మా ఆవిడ చేర్చింది. నేను కొట్టివేయలేదు.

హాలియాలో కాలువ వంతెన దాటగానే నా షెడ్డు. కాలువలో నీళ్లున్నన్నాళ్లు ట్రాక్టర్లు, వరికోత మిషన్లు వరుస కడతాయి. కాలువ కట్టేశారంటే వరుసలో ఈగలే మిగులుతాయి. తెలంగాణ వచ్చిన కొత్తలో, అట్లాంటి ఒక ఈగల కాలంలో, మా మేనమామ తన బోటు ఇంజనును ట్రాలీ ఆటోలో వేసుకొని, దవాఖానకు రోగిని తెచ్చిన మనిషిలా దాని పక్కనే ఒదిగి కూర్చుని వచ్చాడు. ఇంజను మీద తన తువ్వాల కప్పాడు. ఎండ తగులుతుందని కాబోలు.

మామది రేవు. డిండి వాగు కృష్ణలో కలిసే చోట సాగర్ నీళ్లు వెనక్కి ఎక్కి, వాగును ఏరంత, ఏరును చెరువంత చేశాయి. ఇటు నల్లగొండ గడ్డ, అటు పాలమూరు అడవి. అంగడి వారానికోసారి మా ఒడ్డున జరుగుతుంది. అవతలి గుట్టల మీది తండాల వాళ్లు కట్టెమోపులు, చీపుళ్లు, చింతపండు, కోళ్లు పట్టుకొని మామ బోటులో వచ్చి, ఉల్లిగడ్డలు, మంచినూనె, పిల్లలకు అంగీలు కొనుక్కొని అదే బోటులో పోతారు. మామ వయసులో ఉన్నప్పుడు ఒకసారి అవతలి ఒడ్డుకు మనుషుల్ని దించడానికి పోయి, మా అత్తను ఎక్కించుకొని వచ్చాడు. జిల్లాలు ముక్కలయ్యాక నీ పుట్టిల్లు ఇప్పుడు ఏ జిల్లా అత్తా అంటే, "అవతలొడ్డు" అంటుంది. అంతకంటే కచ్చితమైన చిరునామా నాకింకా దొరకలేదు.

"ఏమైంది మామా?" అన్నాను తువ్వాల తీస్తూ.

"ఊపిరి లేదు అల్లుడా. మంది ఎక్కితె ఒడ్డు ఇడుస్తలేదు. గడ పెట్టి నూకి నూకి నా రెక్కలు పడిపోయినయ్. మొన్న నడుమ నీళ్లల్ల ఎదురుగాలి కొడితె ఎనకకు పోయింది. ఎనకకు! మంది దేవునికి మొక్కుతున్నరు, నేను ఇంజనుకు మొక్కుతున్న."

నవ్వించాలని అన్నాడు గాని ఆయన నవ్వలేదు. అవతలి గుట్టల దాకా తారు రోడ్డు పడింది. ఆటోలు తిరగడం మొదలైంది. చుట్టు తిరిగి పోయినా సరే, నీళ్ల నడుమ ఆగిపోయే బోటు కంటే నయమని కొందరు అనడం మొదలుపెట్టారు.

"ఇంకొక్క రెండు అంగళ్లు గిట్లనే అయితె రేవు ఉండదు అల్లుడా. నాకు నేల మీద పనేం రాదు," అన్నాడు.

ఇంజను విప్పాను. పాత జీపు డీజిల్ ఇంజను అది. జీపు పోయాక కూడా పని మానలేదు. బోరు అరిగింది, రింగులు అరిగాయి. అవి నేను ఎదురుచూసినవే. క్యామ్‌షాఫ్ట్ బయటికి తీసినప్పుడు మాత్రం కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. క్యామ్‌షాఫ్ట్ అంటే ఏమీ లేదు, కోడిగుడ్డు ఆకారం బుడిపెలున్న ఇనుప కడ్డీ. అది తిరుగుతుంటే బుడిపెలు ఒక్కొక్క వాల్వునూ తెరుస్తాయి, మూస్తాయి. ఇంజను గాలి పీల్చడం, వదలడం దాని చేతిలో ఉంటాయి. మామ ఇంజనులో ఒక బుడిపె చప్పరించి పారేసిన నిమ్మతొన బిళ్లలా అయింది. నాలుగు సిలిండర్లలో మూడు ఊపిరి పీలుస్తుంటే, నాలుగోది పీల్చాలా వద్దా అని ఆలోచిస్తోంది. ఎన్నేళ్లుగానో ఆ బోటు "డుగ్ డుగ్ డుగ్ హుక్" అని దగ్గుతూ నడిచింది ఇందుకే.

క్యామ్‌షాఫ్ట్ మార్చాలన్నాను. మామను వెంటబెట్టుకొని నకిరేకల్ పోయాను. అక్కడ హైవే పక్కన పాత బండ్ల సామాను దుకాణం ఉంది. దుకాణం నడిపే భాయ్ నాకు పాత పరిచయం. నేను మాట్లాడటం మొదలుపెట్టగానే కుర్చీ వేయడం ఆయన అలవాటు. నా కోసం కాదు, తన కోసం.

ఆయన గూట్లోంచి రెండు క్యామ్‌షాఫ్ట్‌లు తీసి గోనెసంచి మీద పరిచాడు. "ఒకటి సవారీ జీపుది, ఒకటి సరుకుల బండిది. ఇంజన్ ఒక్కటే భాయ్, దిల్ వేరే వేరే," అన్నాడు.

జీపుదాని బుడిపెలు వాల్వును ఎక్కువసేపు తెరిచి పట్టేవి. బండి వేగం అందుకున్నాక ఇంజను రొమ్ము నిండా గాలి పీల్చి ఉరుకుతుంది, నిదానంలో మాత్రం నీరసపడుతుంది. సరుకుల బండిది తక్కువసేపే తెరుస్తుంది. దానితో పరుగు రాదు, కానీ మొదటి అడుగు నుంచే గట్టిగా లాగుతుంది.

మామ చెయ్యి జీపుదాని మీదికి పోయింది. "ఉరికేది తీస్కుందాం అల్లుడా. ఆటోలతోని పందెం మనది."

"మామా, జీపుకు దిగుడు ఉంటది. బోటుకు ఏడుంటది దిగుడు? ఒడ్డు ఇడిసిన కాడికెళ్లి ఒడ్డు ముట్టేదాంక ఎక్కుడే."

"నీళ్లు సదునుగనే ఉంటయ్ గదరా."

అక్కడ నేను ఆగి ఉంటే బాగుండేది. నీళ్లు చూడటానికే చదును, నీటి కింద పంకా తిప్పే ఇంజనుకు మాత్రం అది తరగని గుట్ట అని మొదలుపెట్టి, గాలి గురించి, బరువు గురించి, మామకు తెలిసిన నీళ్ల గురించి మామకే వివరించాను. భాయ్ కుర్చీలో రెండు వైపులా ఒరిగి కూర్చుని చూశాడు. చివరికి ఆయనే నన్ను ఆపాడు.

"చాచా, ఒక్క మాట చెప్పు. బోటు పెండ్లికి పోవాల్నా, బరువు మొయ్యాల్నా?"

"బరువే."

"అయితె సరుకులదే తీస్కో. ఈయన గంట నుంచి గదే చెప్తుండు."

ఇంతలో అత్త ఫోను. మామ ఫోను చెవికి దూరంగా పట్టుకుంటాడు కాబట్టి దుకాణమంతా వింటుంది. పాతదాన్నే అతికిస్తే కాదా అని అడిగింది. అరిగిన బుడిపె మీద వెల్డింగు పోస్తే కొన్నాళ్లకు పెచ్చు లేస్తుందని నేను ఇటు నుంచి అరిచాను.

"సరె, ఏదన్న తీస్కోండ్రి. డీజిల్ మస్తు తాగేది మాత్రం తేకుండ్రి. తాగేటోళ్లు ఇంట్ల ఒగలున్నరు, సాలు," అంది అత్త.

సరుకుల బండిదే తీసుకున్నాం. నేను మనసు పెట్టి పనిచేశాను. బోరు, రింగులు, వాల్వుల సీటింగు, అన్నీ సొంత చేత్తో. షెడ్డు బయట నీళ్ల డ్రమ్ము పెట్టి, పైపుతో ఇంజనుకు నీళ్లు తిప్పి స్టార్టు చేస్తే, క్యామ్ మారిన ఇంజను కామ్ అయిపోయింది. దగ్గు లేదు, వణుకు లేదు. షెడ్డులో ఇంజను నడుస్తుండగా నేను మాట్లాడేది అవతలివాళ్లకు తొలిసారి వినిపించింది. అందుకు నేనొక్కడినే సంతోషించాను.

బోటులో బిగించిన రోజు అత్త ఒడ్డున నిలబడి చాలాసేపు విన్నది.

"సప్పుడే లేదేంది అల్లుడా? బతికే ఉందా?"

"గదే అత్తా గొప్ప."

"ఏమో. మీ మామ గురక ఆగితె గూడ నాకు గిట్లనే భయమైతది."

మేం నవ్వుకున్నాం. ఆ మాటను అక్కడే వదిలేశాం.

అంగడి రోజు పొద్దున అత్త ఎక్కింది, నేనూ ఎక్కాను. పనితనం చూసుకోవడానికి కాక మరెందుకు? ఎదురుగాలి ఉంది. బోటు దాన్ని పట్టించుకోలేదు. మామ చుక్కాని పట్టుకొని ఒకసారి ఇంజనునూ, ఒకసారి నన్నూ చూస్తూ, పెళ్లిలో పిల్లనూ, పిల్ల తండ్రినీ చూసినట్టు నవ్వాడు. గుట్ట మలుపు తిరిగితే అవతలి రేవు కనిపిస్తుంది. తిరిగాం.

రేవులో ఎవరూ లేరు.

అంగడి రోజు మోపులతో, బుట్టలతో, గంపల కింద అరిచే కోళ్లతో నిండిపోయే ఒడ్డు అది. మోదుగు చెట్టుకు కట్టేసిన ఒక మేక మాత్రం మమ్మల్ని చూసింది. ఇసుకలో ఒక చెప్పు ఉంది. దాని జత లేదు.

మామ ఇంజను ఆపాడు. బోటు వచ్చి ఒడ్డుకు మెల్లగా ఆనింది. ఆయన దిగలేదు. బోటు అంచు మీద కూర్చుని తువ్వాల విప్పి, మళ్లీ భుజాన వేసుకున్నాడు.

"ఆటోలల్ల పోయిండ్రు అల్లుడా," అన్నాడు.

నాకు మాట రాలేదు. మా ఆవిడ అక్కడుంటే తేదీ రాసి పెట్టుకునేది. ఇంజను మీద చెయ్యి వేశాను. గోరువెచ్చగా, ఏ తప్పూ చేయని దానిలా ఉంది.

అత్త మాత్రం ఒప్పుకోలేదు. పుట్టిన ఒడ్డు కదా. బోటు ముక్కు మీద నిలబడి చేతులు నోటి దగ్గర పెట్టుకొని, గుట్ట వైపు తిరిగి, "ఓ అవ్వో, అందరేడ సచ్చిండ్రే?" అని కేకేసింది.

కలే పండ్ల పొదలోంచి ఒక తల పైకి లేచింది. తండాలో అందరికంటే పెద్ద అవ్వది. మా అత్తను చంకలో ఎత్తుకొని తిప్పిన మనిషి.

"నువ్వానె?"

"నేను గాక ఎవ్వలే? గా చెట్లల్ల ఏం జేస్తున్నవ్?"

"జంగ్లాత్ బోటనుకున్నం."

అడవిశాఖ వాళ్లను అక్కడ జంగ్లాతోళ్లంటారు. వాళ్ల బోటు అప్పుడప్పుడు ఆ నీళ్లలో తిరుగుతుంది. కొత్త ఇంజను, మెత్తటి చప్పుడు. ఆ చప్పుడు వినగానే కట్టెమోపులు చెట్ల చాటుకు పోతాయి. ఏ కట్టె ఎండినది, ఏది నరికినది అనే చర్చ రేవులో పెట్టుకోవడం రెండు పక్షాలకూ ఇష్టం ఉండదు. పొద్దుటి నుంచి మామ బోటు దగ్గు కోసం చెవులు రిక్కించి కూర్చున్న వాళ్లకు, మలుపు అవతల నుంచి నేను సొంత చేత్తో చేసిన నిశ్శబ్దం వినిపించింది. చెప్పులు కూడా వదిలి పరుగెత్తారు.

అవ్వ వెనక మరొకరు లేచారు. తర్వాత ఇంకొకరు. పొదలకు మనుషులు కాసినట్టు ఒడ్డంతా తలలే. మామ అంచు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే నవ్వడం మొదలుపెట్టి, తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. నవ్వు వల్లేనా అని నేను అడగలేదు.

"ఇంజను బాగు చేయించిన అవ్వా. మా అల్లుడు చేసిండు."

అవ్వ నన్ను కిందికీ మీదికీ చూసింది. "మంచిగున్న ఇంజనును గిట్ల జేసినవేంది కొడుకా?"

ఇంత నిజాయితీగల సమీక్ష నా పనికి ముందెన్నడూ రాలేదు.

నవ్వులు అయ్యాక అవ్వ అసలు చిక్కు చెప్పింది. "గిప్పుడంటె మీ మొఖాలు జూసినం. ఎప్పటికి మలుపు అవతలికెళ్లి సప్పుడే గద ఇనొచ్చేది. మొఖం ఇనొస్తదా? గుట్ట మీదోళ్లు సప్పుడు ఇనంగనే మోపు ఎత్తుకుంటెనే నువ్వొచ్చే యాళ్లకు కిందికి దిగుతరు. నువ్వనుకొని దిగినంక జంగ్లాతోళ్లయితె ఎట్ల? ఎందుకొచ్చిన లొల్లి అని ఆటోనే ఎక్కుతరు."

మామ నవ్వు ఆగిపోయింది. ఆ రేవుకు గంట లేదు, వేళల బోర్డు లేదు. ఆ దగ్గే గంట, ఆ దగ్గే బోర్డు. మేం ముగ్గురం నకిరేకల్ దాకా ఫోన్లు చేసుకొని మోయడం గురించి అంత ఆలోచించి, మోగడం గురించి ఒక్కరం కూడా తలచుకోలేదు.

ఒడ్డు మీద సభ మొదలైంది. హారన్ పెట్టమన్నారొకరు. జంగ్లాత్ బోటుకూ హారన్ ఉందన్నారు ఇంకొకరు. మైకు పెట్టి పాటలు వేయమంటే, పెండ్లి అనుకొని తినడానికి వస్తరు, అంగడికి రారు అని అత్త కొట్టిపారేసింది. అప్పుడు మామ నా పక్కకు వచ్చి, నొప్పి తగలకుండా చెప్పాలనుకున్న గొంతుతో అడిగాడు.

"పాత క్యామే ఎయ్యరాదు అల్లుడా?"

పాతది వేస్తే జనం గుర్తుపడతారు, బోటు ఒడ్డు వదలదు. కొత్తది ఉంటే బోటు ఒడ్డు వదులుతుంది, జనం ఎక్కరు. సరైన క్యామ్‌షాఫ్ట్ ఎంచుకున్నానని నాకు ఇప్పటికీ అనుమానం లేదు. కానీ సరైనది ఎంచుకున్న సంతోషం ఆ ఒడ్డు మీద ఎవరికీ పనికి రాలేదు, నాకు కూడా.

అప్పుడు ట్యాపెట్ గుర్తొచ్చింది. క్యామ్‌షాఫ్ట్ బుడిపెకూ వాల్వుకూ నడుమ ఉండే ముక్క అది. అక్కడ వెంట్రుక పట్టేంత సందు ఉంచుతారు. దాన్ని ఒక చిన్న మర తిప్పి సరిచేస్తాం. సందు ఎక్కువైతే టకటక కొట్టుకుంటుంది, వాల్వు తక్కువ తెరుచుకుంటుంది, ఆ సిలిండరుకు ఊపిరి చాలదు, ఇంజను కుంటుతుంది. ఇన్నేళ్లుగా జనం అలాంటి ఇంజన్లనే నా దగ్గరికి తెచ్చేది ఆ సందు తగ్గించమని. ఇప్పుడు నేను పెంచాలి.

"మామా, క్యామ్ ఉండనియ్. దగ్గు నేను పెడత," అన్నాను.

ఇంజను మూత విప్పి, ఒక్క ట్యాపెట్ వదులు చేశాను. మంచిగా చదివే పిల్లవాణ్ని కూర్చోబెట్టి తప్పులు రాయించినట్టుంది. బోటును మలుపు అవతలికి తీసుకుపోయి, తిప్పుకొని వచ్చాం. ఒడ్డున అవ్వ పెద్ద బండ మీద, మిగతావాళ్లు చుట్టూ, అందరూ కళ్లు మూసుకొని విన్నారు.

"ట్రాక్టరు లెక్కుంది," అంది అవ్వ. "ఇంకా జర దగ్గాలె."

ఇంకొంచెం వదిలాను. మళ్లీ మలుపు, మళ్లీ రాక.

"గిదేంది, మరీ సచ్చేటట్టుంది. గిట్లుంటె నేను ఎక్క."

"పాతది ఒక్కపారి గాదు, రెండుపార్లు దగ్గుతుండె," అని పక్కనుంచి ఒక ముసలాయన సవరించాడు.

"రెండోది నీ దగ్గు," అంది అవ్వ.

సగం బిగించాను. డీజిల్ వాసన, ఎండ, నుదుటి మీద చెమట. ఇంజనుకు జబ్బు ఎక్కించడం నయం చేయడం కంటే కష్టమని ఆ రోజే తెలిసింది. ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పలేరు. మలుపు తిరిగి వస్తుంటే "డుగ్ డుగ్ డుగ్ హుక్" అని చిన్నప్పటి చప్పుడు నీళ్ల మీద పోవడం నాకూ వినిపించింది. అదే చప్పుడని నా చెవి అంది. కానీ పరీక్ష పెట్టింది నా చెవికి కాదు.

ఈసారి ఒడ్డున ఉన్నవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. అవ్వ నోరు తెరిచేలోగా, గుట్ట మీది బాటలో ఎండుటాకులు చప్పుడయ్యాయి. నెత్తిన చీపుళ్ల మోపు, చంకలో పిల్లతో ఒకామె ఆయాసపడుతూ దిగివచ్చింది. ఇక్కడ జరిగిన పరుగు గాని, సభ గాని, పరీక్ష గాని ఆమెకు తెలియవు. నేరుగా మామ మీదికి పోయింది.

"గింత ఆల్శమేంది మామా? పొద్దటికెళ్లి నీ సప్పుడు కోసం ఎదురుసూస్తున్న. గిప్పుడు ఇనొస్తె ఉరికొచ్చిన."

మామ ఆమె నెత్తి మీది మోపు తానే దించి బోటులో పెట్టాడు.

ఇప్పటికీ ఆ బోటు దగ్గుతూనే తిరుగుతోంది. అప్పుడప్పుడు నేను పోయి, ఏడు ట్యాపెట్లను సరిగ్గా సరిచేసి, ఒక్కదాన్ని తప్పుగా సరిచేసి వస్తాను. లాగుడులో పిడికెడు పోతుంది, పోనీ. ఒకసారి బోటు ఎక్కిన పట్నం ఆయన, బండ్ల గురించి తెలిసినవాడే, ఒక ట్యాపెట్ వదులుగా ఉంది చూసుకోండి అన్నాడు. మామ ఎంతో మర్యాదగా, "అది మా అల్లుడు మనసు పెట్టి వదులు చేసింది సారూ," అన్నాడు. ఆ పట్నం ఆయన నన్ను చూసిన చూపు నా షెడ్డు మీద బోర్డులా ఉండిపోయింది.

ఆ రోజుకు వస్తే, అందరూ ఎక్కారు. మోపులెక్కాయి, బుట్టలెక్కాయి, చెప్పు దొరికిన మనిషి ఎక్కాడు, చివరికి మేక కూడా ఎక్కింది. అంచు నీళ్లకు ఇంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. అత్త ఇంజను స్టార్టు చేసి చుక్కాని పట్టుకుంది. మామ ఎప్పటిలాగే గడ పట్టుకొని నీళ్లలోకి దిగి, బోటు వెనక చేరి, గడ ఇసుకలో గుచ్చి, రొమ్ము ఆనించి, ఊపిరి బిగబట్టాడు. ఎన్నో ఏళ్ల అలవాటు అది. మనుషుల బరువంతా తన రెక్కలతోనే ఒడ్డు వదిలించే మనిషి.

అత్త రేసు ఇచ్చింది. సరుకుల బండి క్యామ్ ఒక్కసారి దగ్గి, ఒడ్డును వదిలి సాఫీగా ముందుకు పోయింది. మామ నూకడానికి అక్కడ బోటు లేదు. గడను కౌగిలించుకొని మోకాళ్ల లోతు నీళ్లలో ఒక్కడే నిలబడిపోయాడు. బోటులో అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆయన మొహంలో నేను అన్నాళ్లూ చూడని ఒక తెల్లటి, పళ్లన్నీ కనిపించే సంతోషం.

అత్త బోటును నిదానం చేసి, కొంగు సర్దుకొని, నీళ్ల మీదుగా అడిగింది.

"ఎక్కుతవా, ఆటోల ఒస్తవా?"